ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

పోయిన నెల ఒక సాయంత్రం మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, రికార్డు రాసుకుంటోంది. "అత్తా, ఒక కణంలో ఉన్న హరితరేణువులన్నీ ఒకేలా ఉంటాయా, తేడాగా గీయాలా?" అంది. నేను పొయ్యి మీద పాలు పెట్టుకుని ఉన్నాను. "ఒకేలా ఉంటాయిలే, ఒకటి బాగా గీసి మిగతావి దాన్నే చూసి గీసెయ్" అని పెట్టేశాను. పాలైతే పొంగకుండా ఆపాను గానీ, పడుకున్నాక ఆ మాట తిరిగొచ్చి పట్టుకుంది. ఎమ్మెస్సీ బోటనీ చదివినదాన్ని, అందులోనూ నాచుల పేపరు ఇష్టపడి తీసుకున్నదాన్ని, పిల్లకి తప్పు చెప్పాను.

అంటే పూర్తిగా తప్పని కాదు. పాలకూర ఆకులోంచి ఒక కణం తీసి చూస్తే అందులోని హరితరేణువులు (ఎండని పట్టి ఆహారం తయారుచేసే పచ్చటి రేణువులు, ఇంగ్లీషులో క్లోరోప్లాస్టులు) ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పరీక్షకి ఆ మాట చాలు. నా డిగ్రీ రికార్డులో హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు బొమ్మ ఇప్పటికీ గుర్తుంది, ఒక్కో గడిలో పన్నెండేసి పెసరగింజలు పేర్చినట్టు గీశాను, పచ్చ పెన్సిల్ అరిగిపోయింది, పదికి తొమ్మిదొచ్చాయి. ఎందుకు పన్నెండు అని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తిరగెయ్యక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా. బయాలజీలో సగం పని ఈ మెతుకు లెక్క మీదే నడుస్తుంది. మిగతా సగం ఇంకా మోటు, అరకిలో ఆకు తెచ్చి మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, అడుగున పేరుకున్న పచ్చటి ముద్దని కొలవడం. ఆ ముద్దలో కోట్లాది హరితరేణువులుంటాయి, అవన్నీ కలిసి ఒకే సంఖ్య చెబుతాయి. ఆ సంఖ్య అబద్ధమేం కాదు. కాకపోతే అందులో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉందా అన్న సంగతి మాత్రం మిక్సీలోనే పోయింది.

ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనపడాలంటే కణం పెద్దదై ఉండాలి. అలాంటి కణం ఒకటుంది, దాని పేరు అసెటాబులేరియా.

ఎప్పుడూ చూడనివాళ్లకు చెబుతున్నాను. మధ్యధరా సముద్రంలో లోతులేని చోట రాళ్లకీ ఆల్చిప్పలకీ అంటుకుని పెరిగే చిన్న ఆకుపచ్చ గొడుగు. కింద వేళ్లలాగా పాకి రాతిని పట్టుకునే భాగం, మధ్యలో సన్నటి కాడ, పైన గుండ్రటి టోపీ. నిలబెడితే ఐదు సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంగ్లీషువాళ్లు ముద్దుగా జలకన్య మధుపాత్ర అంటారు. అండమాన్‌లో దొరికిన ఒక కొత్త జాతికి మనవాళ్లు కూడా 2021లో ఆ దారిలోనే అసెటాబులేరియా జలకన్యకే అని పేరు పెట్టారు, పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం బృందం. చూస్తే బుల్లి మొక్కలా ఉంటుంది గానీ మొక్క కాదు, ఆ గొడుగంతా ఒకే ఒక్క కణం. అడ్డుగోడ ఒక్కటి కూడా లేదు. బతుకులో ఎక్కువ కాలం దానికి కేంద్రకం కూడా ఒక్కటే, అదీ అట్టడుగున, రాతిని పట్టుకున్న ఆ వేళ్ల దగ్గర. జర్మనీలో యోవాఖిమ్ హేమర్లింగ్ 1930ల్లో దీన్ని కోసి, అతికించి, తల తీసేసి, ఒక జాతి కాడని ఇంకో జాతి మొదలు మీద పెట్టి, టోపీ ఆకారాన్ని నిర్ణయించేది కేంద్రకమేనని తేల్చాడు. ఆ ప్రయోగం పుస్తకాల్లో ఉంటుంది, అందరూ చదివే ఉంటారు. కానీ పుస్తకాలన్నీ కేంద్రకం దగ్గరే ఆగిపోతాయి. ఆ కాడలో పైనుంచి కిందిదాకా లక్షల్లో తిరుగుతున్న హరితరేణువుల మాట ఎవరూ ఎత్తరు.

ఒక్కసారి కొలతలు చూడండి. ఒక హరితరేణువు పొడవు ఇంచుమించు ఐదు మైక్రాన్లు అనుకుందాం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కాడ ఐదు సెంటీమీటర్లు. అంటే ఇల్లు తన ఒంటి పొడవుకి పదివేల రెట్లు. మనిషి లెక్కలోకి మారిస్తే పదహారు కిలోమీటర్లు, బెజవాడలో బయల్దేరి మంగళగిరి దాటి ఇంకాస్త పోయినట్టు. అంత పొడవున్న ఊళ్లో ఈ చివర ఉన్నవాళ్లూ ఆ చివర ఉన్నవాళ్లూ ఒకేలా బతుకుతారని ఎవరైనా అంటే నమ్ముతామా? హరితరేణువుల విషయంలో మాత్రం నమ్మేశాం.

పారిస్‌లో సిమోన్ ప్యూజో-డావో బృందం 1970ల్లో ఈ కాడని పైనుంచి కిందికి ముక్కలుగా తీసుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసింది. కొనలో, అంటే పెరుగుతున్న చోట, ఉన్నవి ఒక రకం. చురుగ్గా విడిపోతూ ఒకటి రెండవుతుంటాయి, లోపల వెలుతురుని పట్టే పొరలు శుభ్రంగా ఉంటాయి, నిల్వ సరుకు తక్కువ. కిందికి దిగేకొద్దీ కడుపులో పిండిపదార్థం గింజలు పేరుకుపోతూ వస్తాయి. మొదలు దగ్గరికి చేరేసరికి అవి వంట చేసే గదులు కాదు, గాదెలు. పైనున్నది వంటిల్లు, కిందున్నది ధాన్యం కొట్టు, రెండింటికీ గుమ్మం మీద రాసి ఉన్న పేరు మాత్రం ఒకటే.

ఇందులో నాకు నచ్చిన సంగతేమిటంటే కింద గాదె ఉండటానికి ఒక కారణం కనపడుతుంది. సముద్రంలో ఈ జీవి ఒక్క ఏడాదిలో బతుకు ముగించదు. చలికాలం వచ్చేసరికి పై కాడ పోతుంది, రాతిని పట్టుకున్న మొదలు మాత్రం మిగిలి, వసంతంలో అక్కడి నుంచి మళ్లీ కాడ లేస్తుంది. మన పెరట్లో కంద కూడా ఇంతే కదా, పైన ఆకంతా ఎండిపోయినా దుంప లోపల ఉంటుంది. కాకపోతే కందకి దుంప కట్టడానికి వేలు లక్షల కణాలు కావాలి. ఇక్కడ ఒక్క కణమే తన అడుగుభాగాన్ని దుంప చేసుకుంది.

కానీ ఒక చిక్కుంది. కణంలో అడ్డుగోడల్లేవు. లోపలి ద్రవం రోజంతా పైకీ కిందికీ పారుతూనే ఉంటుంది, ఆ ప్రవాహంలో హరితరేణువులు కొట్టుకుపోతూనే ఉంటాయి, మైక్రోస్కోప్‌లో చూస్తే ఒకే కాడలో కొన్ని ఎక్కుతుంటాయి, పక్కనే కొన్ని దిగుతుంటాయి, అచ్చం మెట్రో స్టేషన్ ఎస్కలేటర్లలా. అంత రాకపోకల మధ్య కూడా పైవి పైనా కిందివి కిందా అన్న తేడా చెరిగిపోదు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు, పంచదార వేసి చెంచాతో తిప్పుతున్నా గ్లాసు అడుగున తియ్యగా, పైన చప్పగా ఉందంటే ఎలా ఉంటుంది? కానీ తిప్పేదానికన్నా వేగంగా పైన కొత్తవి పుడుతూ, కింద పాతవి లావెక్కుతూ ఉంటే ఆ తేడా నిలబడటంలో వింతేం లేదనిపిస్తుంది ఇప్పుడు.

సరే, ఇప్పటిదాకా చెప్పినవి బరువు, వయసు, చోటు తేడాలు. ఇక నన్ను నిజంగా నిద్రపోనివ్వని సంగతి వేరే.

హరితరేణువుకి సొంత డీఎన్ఏ ఉంటుందని ఇంటర్లోనే చెబుతారు. ఒకప్పుడు అది విడిగా బతికిన బ్యాక్టీరియా లాంటి జీవి అనీ, వేరే కణంలోకి చేరి అక్కడే స్థిరపడిపోయిందనీ, అందుకే సొంత డీఎన్ఏ అనీ చెబుతారు. ఆకుల్లోనైతే ఒక్కో హరితరేణువులో ఆ డీఎన్ఏ పదుల ప్రతుల్లో ఉంటుంది. కాబట్టి ప్రతి హరితరేణువుకీ ఉంటుందిలే అని మనం అనేసుకుంటాం. 1970లో అమెరికాలో వుడ్‌కాక్, బొగొరాడ్ అనే ఇద్దరు ఈ అసెటాబులేరియా హరితరేణువుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించారు. ముద్దగా కలిపి కాదు, విడివిడిగా. డీఎన్ఏ కనపడింది నూటికి 20 నుంచి 35 హరితరేణువుల్లో మాత్రమే. మిగతావాటిలో కనపడలేదు. కనపడినవాటిలోనూ ఒకదానిలో ఉన్నంత ఇంకోదానిలో లేదు.

ఇంకోసారి చదవండి. ఒకే కణం, చూడ్డానికి అన్నీ పచ్చగానే ఉన్నాయి, అందులో ఎక్కువ వాటికి సొంత జన్యువులే లేవు.

"కనపడలేదు" అన్నదానికీ "లేదు" అన్నదానికీ తేడా ఉంది కదా అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. మరీ కొంచెమే ఉంటే ఆ రోజుల పద్ధతికి అందకపోయి ఉండొచ్చు. కానీ వాళ్లు ఒక్క పద్ధతి మీద ఆధారపడలేదు, తరవాత డీఎన్ఏకి అంటుకుని మెరిసే రంగులతో వేరేవాళ్లు చూసినప్పుడు కూడా ఖాళీ హరితరేణువులు తేలాయి. ముద్ద చేసి కొలిచి ఉంటే ఏం తెలిసేది? "ఒక్కో హరితరేణువుకి సగటున ఇంత డీఎన్ఏ" అని ఒక చక్కటి అంకె వచ్చేది. ఐదుగురున్న ఇంట్లో ఒక్కడే ఐదు లడ్డూలు తింటే తలా ఒకటి తిన్నారని రాసుకున్నట్టు.

మరి డీఎన్ఏ లేనివి ఎలా బతుకుతున్నాయి? ఇక్కడ కాస్త లోపలికి వెళ్లాలి. హరితరేణువులో పనిచేసే ప్రోటీన్లు వేలల్లో ఉంటాయి, వాటిలో దాని సొంత డీఎన్ఏ చేయించేవి సుమారు వందే. మిగతావన్నీ కేంద్రకం ఆర్డరు మీద బయట తయారై లోపలికి వస్తాయి. అంటే సొంత డీఎన్ఏ పోయినా సరుకులో ఎక్కువ భాగం ఇంటికి వస్తూనే ఉంటుంది. కానీ ఆ వందలో కొన్ని చాలా కీలకం. వెలుతురుని పట్టే యంత్రం నడిమధ్యలో డీ1 అనే ప్రోటీన్ ఉంటుంది, ఎండ దెబ్బకి అది అస్తమానూ పాడవుతుంది, పాడైన ప్రతిసారీ కొత్తది వేసుకోవాలి, దాని జన్యువు మాత్రం హరితరేణువు సొంత డీఎన్ఏలోనే ఉంది. కాబట్టి డీఎన్ఏ లేని హరితరేణువు అంటే ఉన్న పార్టులు బాగున్నంతకాలం నడిచే బండి, ఒకటి పోతే షెడ్డుకే. విడిపోయేటప్పుడు ఉన్న డీఎన్ఏ రెండువైపులా సమంగా పంచుకోకపోతే ఇలాంటివి పుడతాయని అర్థం చేసుకోవచ్చు, ఆస్తి పంపకాల్లో ఒక తమ్ముడికి ఇంటి తాళం తప్ప ఇంకేం రానట్టు. వేరే కణాల్లో అయితే పది హరితరేణువుల్లో ఆరింటికి ఇలా జరిగితే కణమే మూలపడుతుంది. ఇక్కడ లక్షల్లో ఉన్నాయి గనక, పైన కొత్తవి పుడుతూనే ఉంటాయి గనక, కణానికి ఆ ఖర్చు భరించే స్తోమత ఉంది. ఈ చివరి మాట నా ఊహే, కానీ గట్టి ఊహ.

(మధ్యలో ఒక పిట్టకథ. మధ్యధరాలోనే ఎలైసియా టిమిడా అనే చిన్న సముద్రపు నత్త ఉంది, పెంకు లేని రకం. అది ఈ అసెటాబులేరియాని పీల్చి, హరితరేణువుల్ని అరిగించుకోకుండా తన ఒంట్లో దాచుకుంటుంది, అవి లోపల ఇంకొన్నాళ్లు పనిచేస్తాయి. అన్ని నాచుల హరితరేణువులూ అలా పరాయి ఒంట్లో నిలబడవు, ఇవి నిలబడతాయి. దొంగిలించే నత్తకి ఏ హరితరేణువు డీఎన్ఏ ఉన్నదో ఏది ఖాళీదో చూసుకునే వీలు ఎక్కడిది, దొరికింది మింగుతుంది.)

చోటు తేడా అయింది, డీఎన్ఏ తేడా అయింది, వేళ తేడా కూడా ఒకటుంది. బ్రస్సెల్స్‌లో తెరేజ్ వాన్డెన్ డ్రీష్ 1966లో చూపించింది, ఈ హరితరేణువులు పగటి మధ్యలో పొడుగ్గా సాగుతాయి, రాత్రికి గుండ్రబడతాయి. అంతకు ఐదేళ్ల ముందే బియాట్రిస్ స్వీనీ, ఫ్రాన్సిస్ హాక్సో కలిసి కేంద్రకం ఉన్న మొదలుని కోసి పారేసిన కాడలో కూడా కిరణజన్య సంయోగక్రియ రోజు లెక్కన ఎక్కుతూ దిగుతూ ఉంటుందని చూపించారు. కేంద్రకమే లేకుండా గడియారం నడుస్తోంది! ఆ తరవాత ఇంకొకటి తేలింది, హరితరేణువులు రోజుకొకసారి కాడ పొడవునా చోటు మారతాయని. అంటే మధ్యాహ్నం పన్నెండింటికి కోసిన ముక్కలో ఉన్న జనాభా, అర్ధరాత్రి అదే చోట కోస్తే ఉండదు. ఎన్ని పాత ప్రయోగాల్లో కోసిన టైము రాసుకున్నారో మరి.

అసెటాబులేరియా ఒక్కటే ఇలాంటి వింత అనుకోకండి. విశాఖ తీరంలో రాళ్ల మీద కాలర్పా దొరుకుతుంది, ఎమ్మెస్సీ టూర్లో కాలు జారి పడి మోకాలు చెక్కుకుపోయింది గానీ దాన్ని మాత్రం వదల్లేదు నేను. పాకే తీగ, పైకి ఆకుల్లాంటివి, కిందికి వేళ్లలాంటివి, చూస్తే అచ్చం మొక్కే, కానీ మొత్తం కలిపి ఒకే కణం, కాకపోతే ఇందులో కేంద్రకాలు లెక్కలేనన్ని. జపాన్లో ఒకినావా దగ్గర సముద్ర ద్రాక్ష అని తింటారే, అది ఈ కాలర్పాల్లో ఒకటి, ప్లేటులో పెట్టిన గుత్తి గుత్తంతా ఒక కణం. దీంట్లో పని విభజన ఇంకా ముదిరింది. పై ఆకుల్లో పచ్చటి హరితరేణువులు, కింద పిండిపదార్థం దాచుకోవడానికే ఉన్న తెల్లటి రేణువులు. వంటిల్లే కొట్టుగా మారడం కాదు, కొట్టు విడిగానే కట్టేశారు. ఇదే కుటుంబానికి దగ్గరి చుట్టాలైన బ్రయాప్సిస్, కోడియంలలో మళ్లీ ఈ రెండో రకం లేదు, పచ్చవే అన్ని పనులూ చేసుకుంటాయి. కాబట్టి పెద్ద కణమైతే చాలు ఇలా విడిపోతాయని సూత్రం కట్టేయడానికి లేదు.

హాలిమీడా అని ఇంకొకటుంది, పగడాల దిబ్బల్లో సున్నం పట్టి బిళ్లలు గుచ్చిన దండలా పెరుగుతుంది. అది కొత్త బిళ్లని రాత్రిపూట వేస్తుంది. చీకట్లో పుట్టేటప్పుడు ఆ బిళ్ల తెల్లగా ఉంటుంది, తెల్లవారే లోపల పాత బిళ్లల నుంచి హరితరేణువులు దాంట్లోకి వలస వచ్చి పచ్చగా చేస్తాయి. పంటి కింద గట్టిగా లేని లేత బిళ్లని చేపలు కొరుక్కుతినే వేళ పగలు, అందుకని రాత్రి పని. ఆ వలస జరుగుతున్నప్పుడు ఎవరైనా ఒక్క బిళ్ల తీసుకుని "ఈ నాచులో హరితరేణువుల్లేవు" అని రాసేసినా తప్పు పట్టలేం.

ఇదంతా మా పిల్లకి ఫోన్లో చెప్పడం కుదిరే పని కాదు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అసెటాబులేరియా తెనాలిలో ఎక్కడ దొరుకుతుంది, అందుకని మా అన్నయ్యావాళ్ల డాబా మీద నీళ్ల తొట్టిలో పట్టిన పాచి తీశాం. వేళ్ల మధ్య జుట్టులా జారిందంటే స్పైరోగైరా అయ్యే అవకాశం ఎక్కువ. నా దగ్గర పాత స్టూడెంట్ మైక్రోస్కోప్ ఒకటుంది, అద్దం మీద బూజు తుడిచి కిటికీ దగ్గర పెట్టాం. స్పైరోగైరానే. కణంలో పచ్చటి రిబ్బను చుట్లు చుట్టుకుని ఉంది, ఒక్కో కణంలో రెండేసి.

స్పైరోగైరా ఈ కథకి మంచి ఉదాహరణ కాదు, నాకు తెలుసు. లక్షల జనాభా లేదు, పైనా కిందా అన్న తేడా లేదు, రిబ్బన్లు రెండూ ఒకే కణంలో పక్కపక్కనే తిరుగుతున్నాయి. కానీ దాని రిబ్బను పొడవునా పైరినాయిడ్లని చుక్కలుంటాయి, వాటి చుట్టూ పిండిపదార్థం పేరుకుంటుంది, అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. వాళ్ల కాలేజీ ల్యాబ్ నుంచి ఇంజెక్షన్ సీసాలో కాస్త అయోడిన్ తెచ్చుకుంది పిల్ల (అడిగే తెచ్చిందట, నేను లోతుగా విచారించలేదు). స్లైడు అంచున ఒక చుక్క వేసి, అటువైపు నుంచి టిష్యూ పేపరుతో పీల్చాం.

కాసేపటికి చుక్కలు తేలాయి. పుస్తకంలో అన్నీ ఒకే సైజు గుండ్రాలు. ఇక్కడ ఒక రిబ్బను మీద వరసగా నాలుగు లావుగా, నల్లగా, తరవాత రెండు వెలిసిపోయినట్టు, మళ్లీ ఒకటి లావుగా. రెండో రిబ్బను మీద సగం కనపడీ కనపడనట్టున్నాయి. పిల్ల చాలాసేపు కన్ను తియ్యలేదు. "అత్తా, అయోడిన్ అన్నిచోట్లకీ సరిగ్గా వెళ్లలేదేమో" అంది. మంచి అనుమానం. ఇంకో స్లైడు వేసి, పదిహేను నిమిషాలు ఆగి చూశాం. తేడా తగ్గింది, పోలేదు.

రికార్డులో చూసింది చూసినట్టే గీసింది, లావు చుక్క లావుగా, వెలిసినది వెలిసినట్టు. మొన్న ఫోన్ చేసి చెప్పింది, మేడమ్ బొమ్మ చూసి "చుక్కలు సమానంగా లేవేంటమ్మా, కంగారుగా గీశావా" అన్నారట. "లేదు మేడమ్, అలాగే ఉన్నాయి" అందట ఇది. మేడమ్ ఒకసారి దీని మొహం చూసి, సంతకం పెట్టి, పక్కన పెన్సిల్‌తో చిన్నగా "అయోడిన్‌తో" అని రాసిచ్చారట.